పక్క గడిలో పేరు

ఆరేళ్ళపాటు గౌరి రోజూ పొద్దున్నే దీపం వెలిగించి దేవుడికి చెప్పుకున్నది ఒక్కటే మాట. "స్వామీ, నా భుజం, శ్రీవల్లి మోకాలు." అంతే. గెలిపించమని ఎన్నడూ అడగలేదు. అవతలి వైపు ఆడే పిల్లలకీ తల్లులుంటారు, వాళ్ళూ దీపాలు పెడతారు, అందరూ గెలుపే అడిగితే ఆయన మాత్రం ఎవరి మాట వింటాడని ఆమె ఆలోచన. ఒంట్లో కీళ్ళు సరిగ్గా ఉంచితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నట్టుండేది ఆ ప్రార్థన.

డిసెంబరులో ఓ బుధవారం అది సగంలో ఆగిపోయింది. "స్వామీ, నా భుజం..." అన్నాక తర్వాతి మాట గొంతు దాటి రాలేదు.

వంటింట్లో దోసె తిరగేస్తున్న తల్లి ఛాయాదేవి చెవి అటే ఉంది. "ఏమే, శ్రీవల్లి మోకాలు నయమైపోయిందా?" అని అడిగింది.

"అయిపోయిందమ్మా."

"చెప్పనేలేదు! పోన్లే, చల్లగా ఉండాలి. సాయంత్రం గుళ్ళో కొబ్బరికాయ కొట్టిస్తా."

ముందురోజు శ్రీవల్లి దగ్గర్నుంచి గౌరి ఫోనుకి మెసేజీ వచ్చింది. "దీదీ, కొత్త సీజన్లో నేహాతో ఆడదామనుకుంటున్నా. కోచ్ చెప్పారు. మీరు ఫీలవరు కదా?" చివర దండం పెట్టే చేతుల బొమ్మ. గౌరి "ఠీక్ హై బేటా, బాగా ఆడు" అని జవాబిచ్చి, ఫోను బోర్లా పెట్టి, చపాతీ పిండి కలపడానికి కూర్చుంది. ఆ పిండి ఎంతసేపు పిసికిందంటే, ఆ పూట చపాతీలు దూదిలా వచ్చాయని తండ్రి సదాశివరావు రెండు ఎక్కువ తిన్నాడు.

టెన్నిస్ డబుల్స్‌లో జంటలు విడిపోవడం మామూలే. ఆ మాట చేరేది కూడా ఇలా మెసేజీగానే. గౌరి కూడా గతంలో ముగ్గురికి ఇలాంటివే పంపింది. అవి ఎంత పొట్టి మెసేజీలో, చదివేవాళ్ళకి ఎంతసేపు పడుతుందో ఇప్పుడు తెలిసింది.

*

ఆమెకి ఈ ఆట అబ్బిన తీరు వేరు. సదాశివరావుది మండపేట. కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. గౌరి చిన్నప్పుడు వాళ్ళు దేశ రాజధానిలో, ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండేవాళ్ళు. క్వార్టర్ల మధ్య సిమెంటు కోర్టొకటి ఉండేది, సాయంత్రమైతే ఆఫీసర్లు వచ్చి ఆడేవాళ్ళు. మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళు కాబట్టి ఎప్పుడూ డబుల్సే. నలుగురు కావాలి. తరచూ ముగ్గురే వచ్చేవాళ్ళు.

వాళ్ళలో శివరామకృష్ణ గారిది అనంతపురం, అండర్ సెక్రటరీ. ఓ సాయంత్రం ఆయన మొదటి అంతస్తు వైపు తలెత్తి పిలిచాడు. "ఏమప్పా సదాశివరావూ, మీ పాపను పంపు. నాలుగో మనిషి రాలేదు."

తొమ్మిదేళ్ళ గౌరి హవాయి చెప్పులతో దిగి వచ్చింది. ఆయన తన పాత రాకెట్టు చేతిలో పెట్టి, ముందు ఆట నేర్పలేదు, పద్ధతి నేర్పాడు. "చూడు పాపా, నీ పక్కన పడితే నీది, నా పక్కన పడితే నాది. తంటా అంతా నడుమ పడే బంతితోనే. దాన్ని కొట్టేకి ముందు నోరు తెరవాల. నాది అనుకుంటే నాది అను, కాదనుకుంటే నీది అను. నోరు మూసుకున్నావంటే ఇద్దరమూ కొడతాము, లేదంటే ఇద్దరమూ చూస్తా నిలబడతాము."

అలా పదమూడేళ్ళు వచ్చేదాకా ఆమె నాలుగో మనిషే. టోర్నమెంట్లకి వెళ్ళి ఒంటరిగా ఆడాల్సి వచ్చినప్పుడు కోర్టు మరీ వెడల్పుగా కనిపించేది, పక్కన మనిషి లేని ఇల్లులా. సింగిల్స్‌లో ఆమె ర్యాంకు ఏడు వందల దగ్గరే చతికిలబడింది. డబుల్స్‌లో మాత్రం ప్రపంచంలో నూట ఎనభై ఎనిమిది దాకా వెళ్ళింది. ఇండోర్, సోలాపూర్, థాయ్‌లాండ్, ట్యునీషియా తిరిగి, పద్నాలుగు టైటిళ్ళు తెచ్చుకుంది. ఒక్కటీ టీవీలో రాలేదు.

ఇప్పుడు వాళ్ళుండేది నోయిడా పక్కన ఇందిరాపురంలో. అక్కడ పక్క ఫ్లాటు లలితకుమారి ఆంటీకి ఇది ఎప్పటికీ అంతుపట్టలేదు. "సింగిల్స్ రాకపోతే పోన్లే అమ్మా. మన తెలుగు సంఘం క్యారమ్స్‌లో కూడా డబుల్స్ పెట్టారు ఈ ఏడు" అని ఓదార్చింది. సదాశివరావుకి అలాంటి బెంగలేం లేవు. లిఫ్టులో కొత్తవాళ్ళు కనిపిస్తే, "మా అమ్మాయి సగం కోర్టులో ప్రపంచానికి నూట ఎనభై ఎనిమిదండీ" అనేవాడు.

ఇప్పుడామెకి ముప్ఫై నాలుగు. పదకొండుమంది పక్కన ఆడింది. పదకొండో అమ్మాయి శ్రీవల్లి. తొమ్మిది టైటిళ్ళు ఆ పిల్లతోనే వచ్చాయి.

*

శ్రీవల్లి వచ్చినప్పుడు దానికి పద్దెనిమిది. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే తెలుగు దంపతుల కూతురు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. ఎక్కడికీ సమయానికి రాదు. పడుకుంటే లేవదు. కానీ నెట్ దగ్గర నిలబడి చెయ్యెత్తిందంటే బంతి నేలని చీల్చేది. అందుకని సంతకాలు, బస్సులు, రాకెట్ల తీగలు గౌరి చూసుకునేది, స్మాషులు శ్రీవల్లి చూసుకునేది. కోర్టులో పిలుపుకి గౌరి దానికి రెండే తెలుగు మాటలు అలవాటు చేసింది. నాది, నీది. ఆరేళ్ళలో ఆ రెండు మాటలూ ఎన్ని దేశాల్లో వినిపించాయో!

మంచి పిల్లే. ఆట విరామంలో కమలాపండు ఒలిచి, అడక్కుండానే సగం గౌరి చేతిలో పెట్టేది. ట్యునీషియాలో గౌరికి జ్వరం వస్తే, అన్నం వండటం రాకపోయినా, తల్లికి వీడియోకాల్ చేసి అడిగి మరీ గంజి కాచింది. ఉప్పు రెండుసార్లు వేసింది. గౌరి ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. అందుకే మంచితనం గుర్తొచ్చినప్పుడల్లా కడుపు ఇంకా మండేది. చెడ్డపిల్లయితే ఈ బాధే ఉండేది కాదు.

జనవరిలో శ్రీవల్లి, నేహా కలిసి బెంగళూరులో మొదటి టోర్నమెంటు ఆడారు. ఆ చిన్న టోర్నమెంట్ల ఆట కనపడదు, ఫోనులో అంకెలు మాత్రం మారుతుంటాయి. గౌరి మధ్యాహ్నం బాల్కనీలో ఎండకి కూర్చుని, బఠాణీలు ఒలుస్తూ ఆ అంకెలు చూసింది. చూడకూడదనుకుంది. చూసింది. శ్రీవల్లి సర్వీసు, స్కోరు సమానం. అప్పుడు ఆమె పెదవులు తమంతట తామే కదిలాయి. "స్వామీ, ఒక్క డబుల్ ఫాల్ట్."

ఫోనులో డబుల్ ఫాల్ట్ అని పడింది. శ్రీవల్లి రెండు సర్వులూ తప్పాయి, పాయింటు పోయింది.

గౌరి చేతిలో బఠాణీ కాయ జారిపోయింది. ఇరవై ఐదేళ్ళలో ఆట గురించి దేవుణ్ణి అడిగిన మొదటి కోరిక అది. అంత త్వరగా తీరిన కోరిక మరొకటి లేదు. భయం వేసింది. ఇంకా భయం వేసినదేమిటంటే, ఆ అంకె చూడగానే ఒంట్లోకి ఒక తియ్యదనం పాకింది. లేచి లోపలికెళ్ళి ముఖం కడుక్కుంది. దేవుడి గది ముందునుంచి కాకుండా హాలు చుట్టూ తిరిగి వెళ్ళింది.

*

పక్కన మనిషి లేకపోతే డబుల్స్ ఆడేవాళ్ళకి ఉద్యోగమే లేదు. ఏడాది తిరిగేసరికి పాయింట్లు రాలిపోతాయి. ఫిబ్రవరిలో నోయిడా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఓ అకాడమీలో టోర్నమెంటుంది. పాత కోచ్ ఒకాయన ఫోన్ చేసి, వరంగల్ నుంచి ఓ పిల్ల వచ్చింది, పందొమ్మిదేళ్ళు, పక్కన ఆడేవాళ్ళు లేరు, చూడమన్నాడు. అలా సాయిసుధ రెండు సంచులతో ఇందిరాపురం ఫ్లాటుకి వచ్చింది. ఛాయాదేవి దానికి ముందుగది ఇచ్చి, రెండో రోజుకల్లా గోంగూర పచ్చడి సీసా దానికే అప్పజెప్పింది.

"ఆ పిల్ల ఎంత శుభ్రంగా తింటోందో చూసేవా? నీ శ్రీవల్లి ఎప్పుడూ సగం వదిలేసేది."

"నా శ్రీవల్లేంటమ్మా! ఎవరికెవరు!"

"అబ్బో" అంది తల్లి.

గౌరి సాయిసుధతో కసురుకోకుండానే ఉండేది. కాకపోతే ఆ పిల్లతో కోర్టులోకి దిగితే పక్కన ఎవరూ లేనట్టే ఆడేది. నడుమ పడే బంతులన్నీ తనే పరుగెత్తి కొట్టేది. నోరు తెరిచేది కాదు. సాయిసుధ రెండడుగులు వేసి ఆగిపోయేది, చోటు లేని బస్సులో నిలబడ్డట్టు ఒద్దికగా.

టోర్నమెంటుకి ముందురోజు, ఆదివారం, ప్రాక్టీసు ముగించుకుని గౌరి నాలుగో కోర్టు పక్కనుంచి నడిచి వెళ్తోంది. లోపలినుంచి వినపడింది.

"నాది!" శ్రీవల్లి గొంతు.

వెంటనే మరో గొంతు, గురుగ్రామ్ పంజాబీ యాసలో, "నీదీ! నీదీ!"

నేహాకి తెలుగు ఒక్క ముక్క రాదు. పొడుగ్గా, వెదురుబొంగులా ఉంటుంది, సర్వ్ చేస్తే అవతలివాళ్ళు వెనక్కి జరుగుతారు. ఇరవై ఏళ్ళ ఆ పిల్ల శివరామకృష్ణ గారి మాటని నోట్లో పెట్టుకుని ఆడుతోంది. మెసేజీ వచ్చినప్పుడు కూడా గౌరికి కన్నీళ్ళు రాలేదు. ఇప్పుడు వచ్చాయి. తన చీర పక్కింటివాళ్ళ తీగ మీద ఆరేసి ఉండటం చూసినట్టనిపించింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె ముఖం చూశాడు. "దీదీ, ధూళి బాగా లేస్తోంది ఇవాళ" అని హిందీలో అని, నీళ్ళ సీసా ముందుకి జరిపాడు.

*

సోమవారం డబుల్స్ పేర్లు రాసే రోజు. మధ్యాహ్నం పన్నెండింటిలోగా రిఫరీ బల్ల మీదున్న షీటులో రాయాలి. ఎడమ గడిలో ఒక పేరు, దాని పక్క గడిలో జోడీ పేరు. జంటలో ఎవరొచ్చి రాసినా సరిపోతుంది. రిఫరీ సునంద మేడమ్‌ది కర్నూలు. అందరినీ అమ్మా అనే పిలుస్తుంది, ఎవరికీ ఒక్క నిమిషం కూడా సడలించదు. పెన్ను ఎవరూ పట్టుకుపోకుండా దారంతో బల్లకి కట్టి ఉంచుతుంది. బల్ల పైన గోడకి ఓ కాగితం అతికించి ఉంది. ఒకరి పేరు రెండు జంటల్లో కనిపిస్తే ముందు రాసిన జంటే లెక్క. పన్నెండు దాటాక మార్పులు లేవు.

గౌరి బల్ల దగ్గరికొచ్చేసరికి పదకొండూ నలభై. సునంద మేడమ్ ఒకటో కోర్టులో ఏదో గొడవ తీర్చడానికి వెళ్ళింది. అంతలో వెనకనుంచి బూట్ల చప్పుడు.

"దీదీ! థాంక్ గాడ్!" శ్రీవల్లి. భుజాన సంచి, సగం కట్టిన జడ. "నా సింగిల్స్ మ్యాచ్ పిలిచేశారు. నేహా ఆశ్రమ్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్ జామ్‌లో ఫసీ హుయీ హై, ఇరుక్కుపోయింది. మా ఇద్దరి పేర్లూ మీరే రాసేయండి, ప్లీజ్. ఈ వారం ఆడితేనే వచ్చేనెల పెద్ద టోర్నమెంటుకి మా ర్యాంకు సరిపోతుంది."

"నేనా?"

"ఎప్పుడూ మీరే కదా దీదీ రాసేది!" అని గౌరి చెంప మీద టక్కున ముద్దుపెట్టి పరిగెత్తింది.

ఆ పిల్లకి తెలియదు. తెలిసి గుచ్చి ఉంటే కోపం తెచ్చుకోవచ్చు, తెలియకుండా గుచ్చితే ఏం చేస్తాం?

ముందు తనది రాసుకుందామని గౌరి పెన్ను తీసింది. ఎడమ గడిలో తన పేరు రాసింది. పక్క గడిలోకి చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఆరేళ్ళు, ఏడాదికి పాతిక టోర్నమెంట్లు. పెన్ను కింద పెట్టి, చేతులు దులుపుకుని, రెండో వరసకి మళ్ళీ ఎత్తినప్పుడు చూసుకుంది.

గౌరి. పక్క గడిలో, శ్రీవల్లి.

ఆమె చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గోడమీది కాగితం చదివింది. ముందు రాసిన జంటే లెక్క. అంటే పన్నెండు దాటితే శ్రీవల్లికి నేహాతో ఆడే వీలుండదు. ఆడితే గౌరితో ఆడాలి, లేదంటే మానుకోవాలి. మానుకోదు, పాయింట్లు కావాలి. ఒక్క వారం. మళ్ళీ ఒక్కసారి పక్కన నిలబడుతుంది. కమలాపండు సగం చేతిలో పెడుతుంది. "అయ్యో, చెయ్యి అలవాటు" అంటే అందరూ నమ్ముతారు. నవ్వుకుంటారు కూడా. నిజంగా అలవాటే కదా! దేవుడే వచ్చి అడిగినా అదే చెప్పొచ్చు.

అలా అనుకోగానే, రాసినప్పుడు లేని తప్పు అప్పుడు పుట్టింది.

గౌరి బల్లకెదురుగా బెంచీ మీద కూర్చుంది. గడియారం పదకొండూ నలభై ఆరు. రెండో కోర్టులోంచి శ్రీవల్లి బంతి కొట్టే చప్పుడు వస్తోంది. వంద చప్పుళ్ళలో పోల్చగలదు దాన్ని. ఎవరో చూసుకుంటారులే అని కళ్ళు మూసుకుంది.

"అక్కా, మన పేర్లు రాసినవా?"

సాయిసుధ. రెండు చేతుల్లో రెండు గ్లాసులు. "అద్రక్ చాయ్ తెచ్చిన. ఆ అంకుల్ చక్కెర బాగ ఏస్తుండు, నీకు తక్కువ ఏపిచ్చిన."

గ్లాసు అందుకోబోతే వేడి చూపుడువేలికి తగిలి చురుక్కుమంది. మొన్న పాత గ్రిప్పు ఊడి, వేలు కోసుకుపోయింది. గ్లాసు ఎడమచేతికి మార్చుకుని, ఒళ్ళోని రాకెట్టు కేసి చూసింది. పిడికి కొత్త గ్రిప్పు. సంచిలో ఉన్న మరో రెండు రాకెట్లకీ కొత్తవే. అంచులు ఎక్కడా లేవకుండా, మెత్తగా చుట్టి ఉన్నాయి. పొద్దున్నుంచి పట్టుకునే తిరుగుతోంది, చూసుకోలేదు.

"ఇవి నువ్వు చుట్టావా?"

"ఆఁ. నీ వేలు తెగింది గద. నిన్న ఆడుకుంట ఆడుకుంట మూడుసార్లు నోట్ల పెట్టుకున్నవ్."

"నాతో చెప్పలేదేం?"

"చెప్తె వద్దంటవని."

గౌరి ఆ పిల్లని అప్పుడు చూసింది. రెండు వారాలుగా తన ఇంట్లో తింటోంది, తన పక్కన నిలబడుతోంది. చెవికి చిన్న వెండి రింగులు. ఎడమ కనుబొమ్మ మీద గాటు. షీటులో ఇంటిపేరు కూడా రాయాలి.

"నీ ఇంటిపేరేంటే?" అడగడానికి సిగ్గేసింది.

"బొల్లం, అక్కా. బొల్లం సాయిసుధ."

గౌరి గ్లాసు బెంచీ మీద పెట్టి లేచింది. ఒకటో కోర్టు వైపు నడిచింది, తర్వాత పరిగెత్తింది. సునంద మేడమ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేసింది. బల్ల దగ్గరికొచ్చేసరికి పదకొండూ యాభై మూడు.

"తప్పు రాశాను మేడమ్."

సునంద మేడమ్ కళ్ళద్దాలు దించి షీటు చూసింది. "అయ్యో, ఇదా! ఎన్నేండ్లు రాసినావమ్మా, చెయ్యి ఊరికే ఉంటాదా? అలవాటు."

"రాసింది అలవాటే. పది నిమిషాలనుంచి కొట్టేయకుండా కూర్చున్నది అలవాటు కాదు మేడమ్." గౌరి పక్క గడి మీద వేలు పెట్టింది. "కుళ్ళు."

సునంద మేడమ్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఎర్రపెన్ను తీసి, పక్క గడిలో పేరు కొట్టేసి, అంచున తన పొడి సంతకం పెట్టింది. "ఆ కుళ్ళు రాసుకునేకి ఈ షీటులో గడి లేదమ్మా. ఉంటే సగం మంది పేర్లు అందులోనే ఉండేవి. రాయి, ఏడు నిమిషాలుంది."

గౌరి రాసింది. మొదటి వరసలో కొట్టివేత పక్కన, బొల్లం సాయిసుధ. రెండో వరసలో శ్రీవల్లి, పక్క గడిలో నేహా. ఆ చివరి రెండక్షరాలు రాయడానికి పెన్ను బరువుగా కదిలింది. రాసింది.

సాయిసుధ వెనకే నిలబడి అంతా చూస్తోంది. ఎర్ర గీత చూసింది, గీత కింద పేరూ చూసింది. ఇప్పుడేమంటుందోనని గౌరి తలెత్తలేదు.

"పర్లేదక్కా" అంది ఆ పిల్ల. "నేను గూడ జనవరి అంత పోయిన సంవత్సరమే రాస్త. చాయ్ సల్లారుతుంది, తాగు."

*

గురువారం సెమీఫైనల్లో ఆ రెండు వరసలూ ఎదురెదురయ్యాయి.

సదాశివరావు, ఛాయాదేవి ఇద్దరూ నోయిడా ఎలక్ట్రానిక్ సిటీ స్టేషన్లో మెట్రో ఎక్కి, మారి మారి వచ్చారు. చలి పోలేదు, ఎండ మాత్రం బంగారంలా ఉంది. మొదటి సెట్ గౌరి వాళ్ళది, రెండోది శ్రీవల్లి వాళ్ళది. మూడోది సెట్ ఉండదు, పది పాయింట్ల పోటీ, అంతే. విరామంలో శ్రీవల్లి కమలాపండు ఒలిచింది. సగం నేహాకిచ్చింది. గౌరి తువ్వాలు ముఖం మీద కప్పుకుంది. షీటులో పేరు రాసి ఇచ్చినంత మాత్రాన మంట చల్లారిపోతుందనుకుంటే అది మన పొరపాటు. అది అక్కడే ఉంది, గొంతుకి కొంచెం కింద.

గౌరి వాళ్ళవి ఆరు, అవతలివాళ్ళవి ఏడు. నేహా కొట్టిన బంతి సరిగ్గా నడుమ వచ్చింది. గౌరి నోరు తెరవలేదు. సాయిసుధ అలవాటుకొద్దీ ఆగిపోయింది. ఈసారి గౌరి కూడా అందుకోలేకపోయింది. బంతి ఇద్దరి మధ్యనుంచి వెళ్ళి కంచెకి తగిలింది.

"సారీ అక్కా" అంది సాయిసుధ.

దాని తప్పు ఇసుమంత లేదు. అయినా సారీ చెప్పింది. గౌరికి హవాయి చెప్పులేసుకున్న ఓ పిల్ల గుర్తొచ్చింది, ఆ పిల్లకి మొదటిరోజే నోరు తెరవమని నేర్పిన పెద్దాయనా గుర్తొచ్చాడు. ఈ పిల్లకి రెండు వారాల్లో తను ఒక్కసారైనా ఆ మాట ఇవ్వలేదు. దాచుకుంది. ఎవరికోసం?

ఆరు, ఎనిమిది. బంతి అటూ ఇటూ పదిసార్లు తిరిగింది. నేహా బలంగా కొట్టింది, మళ్ళీ నడుమకే. గౌరి చేతికి అందేదే. రాకెట్టు అప్పటికే వెనక్కి వెళ్ళింది.

"నీది!" అని అరిచింది.

సాయిసుధ ఆ మాటకోసమే ఇన్నాళ్ళూ నిలబడి ఉన్నట్టు దూకింది. కానీ చిత్రం అవతలివైపు జరిగింది. నెట్ దగ్గరున్న శ్రీవల్లి, గౌరి గొంతులో ఆ మాట వినగానే, తనే కొట్టాల్సినట్టు నడుమకి ఓ అడుగు వేసేసింది. ఆరేళ్ళు ఆ గొంతుకి కదిలిన కాళ్ళు మరి. అది వదిలిన చోటులోంచి, గీత వెంబడి, సాయిసుధ కొట్టిన బంతి సాఫీగా వెళ్ళిపోయింది.

"అరే, ఎక్కడికి వెళ్తున్నావ్ యార్!" నేహా హిందీలో అరిచింది. శ్రీవల్లి నెట్ ఇవతల సాయిసుధ అరచేతిని గౌరి అరచేత్తో కొట్టడం చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత సర్వీసు నేహాది. ఏడు, ఎనిమిది దగ్గర ఒకటి, ఏడు, తొమ్మిది దగ్గర ఇంకొకటి, రెండూ రాకెట్టుకి తగలకుండా దూసుకెళ్ళాయి. ఆట అయిపోయింది. ఆ సర్వులు చూసి గౌరికి మళ్ళీ కడుపు మండింది. అంత సర్వు ఉన్న పిల్లని ఎవరు మాత్రం కావాలనుకోరు!

నెట్ దగ్గర చేతులు కలుపుకున్నారు. శ్రీవల్లి గౌరిని కావలించుకుంది. విడిపించుకోకుండానే చెవిలో అడిగింది. "దీదీ, ఇస్‌కో భీ సిఖా దియా?" దీనికి కూడా నేర్పేశారా అని.

మాటలో నవ్వుంది. కళ్ళలో లేదు. గౌరి ఆ చూపుని వెంటనే పోల్చింది. రెండు నెలలుగా తన అద్దంలో రోజూ చూస్తున్నదే.

"నేర్పలేదు. దాని ఇంట్లో మాటే అది" అంది గౌరి. అనేశాక, కొంచెం పదునెక్కువైందనిపించి, శ్రీవల్లి జడ సరిచేసి రబ్బరుబ్యాండు బిగించింది. "మోకాలు పట్టేస్తున్నట్టుందే. రెండో సెట్లో ఎడమకాలు ఈడ్చావ్. ఫైనల్‌కి ముందు ఐసు పెట్టుకో."

"మీరు తప్ప ఎవరూ చూడరు దీదీ" అంది శ్రీవల్లి. ఈసారి నవ్వు మొత్తం పోయింది. అటు నేహా పిలిచింది. వెళ్ళింది.

తిరుగు ప్రయాణంలో మెట్రోలో ఛాయాదేవి సీట్లో ఓ చివరికి జరిగి, సాయిసుధని పక్కన ఇరికించుకుంది. గోంగూర అన్నం డబ్బా మూత తీయబోతే సదాశివరావు, "ఇక్కడ తినకూడదే" అన్నాడు. "వాసన చూడ్డానికి కూడా చలానా రాస్తారేంటండీ?" అందావిడ. సాయిసుధ పకపకా నవ్వింది. గౌరి కమ్మీ పట్టుకుని నిలబడి, కొత్త గ్రిప్పున్న రాకెట్ల సంచిని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుంది. శ్రీవల్లి కళ్ళలోని ఆ కుళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి లోపల హాయిగా ఉంది. తప్పని తెలుసు. ఎలక్ట్రానిక్ సిటీ స్టేషన్ వచ్చేదాకా ఆ హాయిని ఉండనిచ్చింది.

మర్నాడు పొద్దున్న దీపం వెలిగించింది. వంటింట్లో దోసె చప్పుడు ఆగింది, తల్లి వింటోంది.

"స్వామీ, నా భుజం. సాయిసుధ వేళ్ళు, దానికి చలికి పగులుతున్నాయి." ఆగింది. ఒత్తి కొంచెం ఎగదోసింది. "శ్రీవల్లి మోకాలు."

నేహా గురించి కూడా ఏదైనా చెప్పుకోవాలేమోనని కాసేపు నిలబడి చూసింది. మాటేదీ రాలేదు. ఇవాళ్టికి ఇంతే స్వామీ అని, గంట కొట్టి, సాయిసుధని లేపడానికి ముందుగదిలోకి వెళ్ళింది.